తీగల్లోకి వచ్చిన కరెంటు

పెళ్లిళ్లకి, సంగీత్‌లకి, చర్చి పండగలకి వాయించే ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ నాది. ఇల్లు గడిచేది దాని మీదే. రాజమండ్రిలో కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లో పై గదిని ప్రాక్టీసుకి పెట్టుకున్నాం. ఇదంతా ఆ గదిలోనే జరిగింది.

ఎండాకాలం మొదట్లో గిటార్‌లో రెండు శబ్దాలు మొదలయ్యాయి. ఒకటి, తీగ ఆపేశాక కూడా సన్నగా మిగిలే మోత. రెండోది, యాంప్ ఆన్ చేయగానే గుయ్‌మనే రొద.

మోత నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. "ఏం లేదన్నా, బానే ఉంది" అనేవాళ్లు మా కుర్రాళ్లు. ఏళ్ల తరబడి డ్రమ్స్ పక్కన నిలబడ్డ చెవులు నావి. చెవిలో హోరు మొదలైందేమోనని భయం పట్టుకుంది. రాత్రిళ్లు ఫ్యాన్ ఆపేసి కూర్చుని వినేవాణ్ని. చెవులు పోతే నాకు వేరే పని రాదు. ఈ మాట ఇంట్లో చెప్పలేకపోయాను. మా ఆవిడే కనిపెట్టి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. వినికిడి పరీక్షలో తేడా ఏమీ రాలేదు. బయటికొచ్చి మెట్ల మీదే ఏడ్చేశాను.

ఆ తర్వాత గిటార్‌లోనే వెతకడం మొదలుపెట్టాను. నాది స్ట్రాటోకాస్టర్ రకం. వెనక మూత కింద బ్రిడ్జిని లాగి పట్టే స్ప్రింగులు ఉంటాయి. కొన్ని స్వరాలకి అవి కూడా వణికి మోగుతాయి. యాంప్ కట్టేసి, ఒకే స్వరం మీటుతూ, ఒక్కోచోట వేలు పెట్టి చూశాను. గిటార్ మెడ చివర తీగలు ఆనే నట్ అవతల అదిమాను, మోత పోలేదు. స్ప్రింగుల మీద అరచెయ్యి పెట్టగానే పోయింది. చిన్న స్పాంజి ముక్క దూర్చాను. మళ్లీ రాలేదు.

రొద మాత్రం మిగిలింది. తీగల మోతను పట్టే పికప్ ఒకే చుట్టది, అంటే సింగిల్ కాయిల్ అయితే కొంత రొద ఎలాగూ ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. చుట్టుపక్కల వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి ఆ హమ్ పికప్ చుట్టలోకి చేరుతుంది. దాన్ని తగ్గించడానికే 1950లలో గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ రెండు చుట్టల హంబకర్ తయారుచేశాడు. నా గిటార్‌కి రిపేరు షాపులో లోపలంతా రాగి రేకు అంటించారు, జాక్ మార్చారు, సాల్డరింగ్ మళ్లీ చేశారు. ఫంక్షన్ హాల్లో సౌండ్ వాళ్ల యాంప్‌కి పెడితే శుభ్రంగా ఉంది. ఇంటికి తెచ్చి నా యాంప్‌కి పెడితే మళ్లీ గుయ్. పైగా వట్టికాళ్లతో నిలబడి తీగలు తాకితే వేళ్ల చివర్లు జుమ్మనేవి. చెప్పులు వేసుకుంటే ఉండేది కాదు. షాపులో అడిగితే చెమటకి అలాగే ఉంటుందన్నారు.

ఒక ఆదివారం సాయంత్రం ప్రాక్టీసు. గదికి అప్పుడే తడిగుడ్డ పెట్టారు. యాంప్ గదిలోని ప్లగ్గుకి ఉంది. మైకుల మిక్సర్‌కి కింద హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో కరెంటు తెచ్చాం. ఎడమచెయ్యి తీగల మీద ఉంది. మైకు కాస్త కిందికి దించుదామని కుడిచేత్తో పట్టుకున్నాను.

రెండు చేతులూ బిగుసుకుపోయాయి. వదలాలని చూస్తున్నాను, వేళ్లు నా మాట వినడం లేదు. అరవబోయాను, గొంతు రాలేదు. ఛాతీలో ఏదో పట్టేసింది. చచ్చిపోతున్నానని స్పష్టంగా తెలిసింది. పాట పాడే అమ్మాయి నన్ను లాగడానికి వచ్చింది. "ముట్టుకోకక్కా!" అని కీబోర్డు కుర్రాడు అరిచాడు. గోడ దగ్గరికి దూకి యాంప్ స్విచ్చు ఆపాడు. నేను పడిపోయాను.

ప్యాంటు తడిసిపోయింది. మా డ్రమ్మరు తన తువ్వాలు తెచ్చి నా మీద కప్పాడు. ఆ సంగతి అతను ఈ రోజు వరకూ ఎవరితోనూ అనలేదు. నేనే ఇప్పుడు చెబుతున్నాను.

ఆసుపత్రిలో ఈసీజీ తీసి, రాత్రికి ఉంచుకున్నారు. ఎడమచేతి వేళ్ల మీద తీగలు ఆనిన చోట సన్నటి కాలిన గీతలు. నిద్ర పట్టలేదు. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు వేదిక మీదే మైకు తాకి చనిపోయాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ తన ఇంట్లో గిటార్ వాయిస్తూ కరెంటు కొట్టి పోయాడు. ఈ సంగతులు నాకు ముందే తెలుసు. ఆ రాత్రి మాత్రం వాళ్ల ఇళ్లల్లోవాళ్లు గుర్తొచ్చారు.

మర్నాడు మా వీధి ఎలక్ట్రీషియన్ బాబాయ్ వచ్చాడు. హోల్డరులో బల్బు పెట్టి, దానికి రెండు వైర్లు తగిలించుకున్నాడు. ప్లగ్గులో ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఫేజుకీ పైనున్న పెద్ద రంధ్రానికీ పెడితే అసలు వెలగలేదు. బోర్డు విప్పాడు. ఆకుపచ్చ వైరు దేనికీ కలపకుండా, చివర టేపు చుట్టి లోపలికి తోసేసి ఉంది. "మూడు రంధ్రాలు ఉన్నాయి గానీ ఎర్త్ లేదురా అబ్బాయ్" అన్నాడు.

తర్వాత యాంప్ చూశాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పాడై కరెంటు ఇనప డబ్బాలోకి దిగుతోంది. ఎర్త్ ఉండి ఉంటే అది భూమిలోకి పోయేది, ఫ్యూజు కొట్టేసేది. లేదు కాబట్టి గిటార్ కేబుల్ షీల్డు గుండా తీగల్లోకి వచ్చింది. మిక్సర్‌కి కరెంటు తెచ్చిన కింద హాల్లో ఎర్త్ బాగానే ఉంది, అందుకని మైకు భూమితో కలిసి ఉంది. రెంటి మధ్య నేను నిలబడ్డాను. ఒంట్లోంచి పోయే కరెంటు సుమారు 10 మిల్లీయాంపులు దాటితే చాలు, చెయ్యి విడిపించుకోవడం కష్టమట. మన ప్లగ్గులో ఉండే 230 వోల్టులు అంతకంటే ఎక్కువే పంపగలవు.

బాబాయ్ గదికి ఎర్త్ వైరు కలిపాడు. ఇంటి వెనక ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు కొత్తగా వేయించి నీళ్లు పోయించాడు. 30 మిల్లీయాంపులకే కరెంటు కట్టేసే ఆర్సీసీబీ పెట్టాడు. యాంప్‌కి ట్రాన్స్‌ఫార్మర్ మార్పించాం. రొద చాలావరకు పోయింది.

గిటార్ ముట్టుకోవడానికి నాకు ఇంకా చాలాకాలం పట్టింది. పెట్టె తెరిస్తేనే అరచేతులు చెమటలు పట్టేవి. రెండు పెళ్లిళ్లు వదిలేసుకున్నాను. వాయించకపోయినా మావాళ్లు నా వాటా డబ్బు ఇంటికి తెచ్చి ఇచ్చారు. తీసుకోవడానికి సిగ్గేసింది, తీసుకున్నాను. మా ఆవిడ రోజూ తీగల మీద టెస్టరు పెట్టి "వెలగలేదండీ" అనేది. ఆ మాట విన్నాకే చెయ్యి వేసేవాణ్ని. ఇప్పుడు టెస్టరు నేనే పెట్టుకుంటున్నాను. మైకు దగ్గర మాత్రం ఇంకా వెనక్కి జరుగుతాను.

మీ గిటార్ రొద పెడితే ముందు వేరే చోట, వేరే యాంప్‌కి పెట్టి చూడండి. ఒక్క గదిలోనే వస్తుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి. వేళ్లు జుమ్మంటే యాంప్ ఆపి, ప్లగ్గు పీకేయండి. కారణం తేలేదాకా మళ్లీ పెట్టకండి. ప్రాక్టీసు మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్చు ఎక్కడుందో గదిలో ప్రతి ఒక్కరికీ చూపించండి. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే మనిషిని ముట్టుకోకుండా ముందు స్విచ్చు ఆపాలని చెప్పండి. మా కీబోర్డు కుర్రాడికి అది తెలుసు కాబట్టే నేనూ, నన్ను లాగబోయిన ఆ అమ్మాయీ బతికాం.