రెండో రిమోట్

మా ఇంట్లో వీడియో గేమ్‌కి రెండు రిమోట్లు ఉండేవి. మొదటిది నాది, రెండోది మా చెల్లిది. ఈ పంపకం ఎవరు చేశారో గుర్తులేదు. పెద్దవాడికి పెద్దది, చిన్నదానికి చిన్నది అన్న లెక్కలో ఎవరూ నోరెత్తకుండానే జరిగిపోయింది. జాయ్‌స్టిక్ అన్న మాట మాకు చాలా కాలం తర్వాత తెలిసింది. మా ఈసీ టీవీకి రిమోట్ లేదు గనక ఆ పేరు ఇంట్లో ఖాళీగానే ఉంది, దాన్ని తెచ్చి దీనికి తగిలించాం. పెట్టెలో గుచ్చే గేమ్ బిళ్ళని క్యాసెట్ అనేవాళ్ళం. అది ఎందుకు క్యాసెట్టో మాలో ఎవరూ అడగలేదు.

1994 వేసవిలో మా మామయ్య మద్రాసు నుంచి ఆ పెట్టె పట్టుకొచ్చాడు. బర్మా బజార్లో 1500 చెబితే బేరమాడి 800కి తెచ్చానని చెప్పుకున్నాడు. అమ్మ నమ్మలేదు. తమ్ముడు కాబట్టి ఊరుకుంది. సమురాయ్, మీడియా పేర్లతో వచ్చిన పెట్టెలు ఏలూరులో కాస్త కలిగినవాళ్ళ ఇళ్ళలో ఉండేవి. మాది ఆ బాపతు కూడా కాదు. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫామికామ్ అనే యంత్రానికి ఎవరో చేసిన నకలు, ఆ నకలుకి ఇంకెవరో చేసిన నకలు మాది. ఆ వంశవృక్షం అప్పుడు మాకేం తెలుసు! టీవీ వెనక యాంటెన్నా తీగ పీకి, దీని తీగ పెట్టి, ఛానెల్ మీట తిప్పుతూ ఉంటే చుక్కల వానలోంచి మీసాల మారియో బయటికొచ్చేవాడు. అంతే కావాలి మాకు.

మామయ్యకి పవర్‌పేట స్టేషన్‌కి వెళ్ళే దారిలో రేడియో, టీవీ రిపేరు కొట్టు ఉండేది. కొట్టంటే ఒక బల్ల, ఒక బల్బు, గోడకి వేలాడే తీగల చుట్టలు, ఎప్పటికీ ఎవరూ పట్టుకెళ్ళని రెండు మూడు రేడియోలు. కాలిన సోల్డరింగ్ ఐరన్ మొనని పేస్టులో ముంచితే చుయ్‌మని పొగ లేచేది. ఆ వాసన ఇప్పుడు ఏ కంసాలి కొట్టు ముందు తగిలినా నా కాళ్ళు ఆగిపోతాయి. కంసాలులు టంకం అంటారు, మామయ్యా అదే అనేవాడు. "దీనికి టంకం ఊడిందిరా" అని ఆయన చెప్పాడంటే ఆ వస్తువు బతికినట్టే. పెదవి విరిచి ఊరుకున్నాడంటే అది గోడ మీద రేడియోల పక్కన చేరినట్టే.

మొదట పాడైంది నా రిమోటే. కుడి వైపు బాణం ఎంత నొక్కినా మారియో కదిలేవాడు కాదు. ఆ ఆటలో మనిషి వెళ్ళేది ఎప్పుడూ కుడికే కదా, పాపం ఆ వైపే అరిగింది. మామయ్య ఆరు స్క్రూలు తీసి రిమోట్‌ని దోసకాయ కోసినట్టు రెండు చెక్కలు చేశాడు. లోపల ఇంతేనా అనిపించింది. ఒక పచ్చ పలక, దాని మీద నల్లటి గీతలు, ఆ గీతల మీద పరిచిన బూడిదరంగు రబ్బరు. రబ్బరుని తిరగేస్తే ఒక్కో బటన్ కింద మినపగింజంత నల్ల బిళ్ళ ఉంది. బటన్ నొక్కితే ఆ బిళ్ళ వెళ్ళి పలక మీద విడివిడిగా ఉన్న రెండు గీతల్ని కలుపుతుంది. వదిలితే రబ్బరే దాన్ని వెనక్కి లాగుతుంది. స్ప్రింగు లేదు, రేకు లేదు. కుడి బాణం కింద బిళ్ళ మాత్రం వేలి గోరులా నున్నగా మెరుస్తోంది.

దానికి మామయ్య మూడు వైద్యాలు చేశాడు. మొదట స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాడు. ఒక వారం పనిచేసింది. తర్వాత నా డ్రాయింగ్ పెన్సిలు అడిగి, మెత్తటి 6బి ముల్లుని ఆ బిళ్ళ మీద గుండ్రంగా రుద్దాడు. పెన్సిలు ముల్లులో ఉండేది గ్రాఫైటు, దాంట్లోంచి కరెంటు పారుతుంది. అది నెల నడిచింది. మూడోసారి నాన్న సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చింపి, కత్తెరతో గుండ్రంగా కోసి ఫెవిక్విక్‌తో అతికించాడు. ఆహా, అప్పుడు చూడాలి! తాకితే చాలు మారియో పరుగు. కానీ ఆ వెండి కాగితం పలక మీది నల్ల గీతల్ని రోజూ కొంచెం గీకుతూ వచ్చిందని, అది వైద్యం కాదు అప్పు అని ఆ దసరాకి తెలిసింది. చివరికి ఆ గీతలు పోయినచోట సన్నటి రాగి తీగ పరిచి టంకం వేశాడు. ఆ రిమోట్ మళ్ళీ మూలన పడలేదు.

నాలుగు దిక్కుల ప్లస్ గుర్తు బటన్ ఉంది చూశారూ, అది మొదట వచ్చింది 1982లో, నింటెండో వాళ్ళే చేసిన డాంకీ కాంగ్ అనే చేతి ఆటలో. దాన్ని కనిపెట్టినాయన గున్‌పెయ్ యోకోయ్. ఏలూరులో ఒక పిల్లాడి ఎడమ బొటనవేలి మీద కాయ కాసిందంటే ఆయన చలవే.

ఇక రెండో రిమోట్ సంగతి.

దాని మీద సెలెక్ట్, స్టార్ట్ బటన్లు ఉండేవి కావు. నా దాంట్లో మధ్యన రెండు చిన్న బటన్లు ఉన్నచోట చెల్లి దాంట్లో ఉత్త ప్లాస్టిక్. ఎందుకలాగో చాలా ఏళ్ళ తర్వాత చదివాను. జపాన్ యంత్రంలో రెండో ఆటగాడి రిమోట్‌కి ఆ బటన్ల బదులు చిన్న మైక్ ఉండేదట. అక్కడి పిల్లలు కొన్ని ఆటల్లో దాంట్లోకి అరిచేవాళ్ళట. నకలు చేసినవాళ్ళు మైక్ ఎగ్గొట్టారు, బటన్లు పెట్టలేదు. అలా మా చెల్లికి అరిచే వీలూ లేదు, ఆపే వీలూ లేదు.

ఆపడమే అసలు గొడవ. మేమిద్దరం కలిసి ఆడేది ట్యాంకుల ఆట, బ్యాటిల్ సిటీ. కింద మధ్యలో గద్ద బొమ్మ, దాని చుట్టూ ఇటుకల గోడ, పైనుంచి శత్రు ట్యాంకులు దిగుతాయి. నాది పసుపు ట్యాంకు, దానిది ఆకుపచ్చ. ఆట మంచి పట్టులో ఉండగా వంటింట్లోంచి కేక వచ్చేది. "పాలు చూడవే", "ఇస్త్రీ బట్టలు లోపల పెట్టవే", "నాన్నకి మంచినీళ్ళు ఇవ్వవే". ఆ కేకలన్నీ దానికే. నా పేరు ఒక్కసారీ వినబడిన గుర్తు లేదు. అది రిమోట్ కింద పెట్టి, "అన్నయ్యా, స్టార్ట్ నొక్కవా" అని బతిమాలి పరిగెత్తేది. నేను నొక్కేవాణ్ణి కాదు. గద్దని కాపాడాలి కదా అనేవాణ్ణి. అది తిరిగొచ్చేసరికి ఆకుపచ్చ ట్యాంకు ఉండేది కాదు. నిజం చెప్పాలంటే ఒకటి రెండుసార్లు దాన్ని నేనే గురిచూసి కొట్టాను. సొంతవాడి గుండు తగిలితే ఆ ట్యాంకు చావదు, కాసేపు కదలకుండా మినుకుమినుకుమంటుంది. మిగతా పని శత్రువులు చూసుకుంటారు.

ఒక ఆదివారం మామయ్య భోజనానికి వచ్చి ఇదంతా చూశాడు. నన్నేం అనలేదు. చెల్లి రిమోట్ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏవే అమ్మడూ, నీకు ఆపే బటన్ కావాలా?"

"నాకూ ఉండాలి కదా మామయ్యా."

"ఉండాలి మరి" అని చొక్కా జేబులో పడేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు బడి నుంచి సరాసరి కొట్టుకి వెళ్ళాం. రిమోట్ లోపల పదహారు కాళ్ళ ఐసీ ఒకటి ఉంటుంది, దాని నంబరు 4021. తర్వాత తర్వాత వచ్చిన చౌకబారు రిమోట్లలో ఇలా కాళ్ళున్న ఐసీ ఉండదు, దాని స్థానంలో పలక మీద నల్లటి జిగురు బొట్టు ఉంటుంది. అది పోతే ఇక బ్రహ్మదేవుడు కూడా బాగుచెయ్యలేడు. మా అదృష్టం, మావాటిలో అసలు ఐసీలే ఉన్నాయి. ఆ ఐసీ ఏం చేస్తుందో మామయ్య మాకు బడి భాషలో చెప్పాడు. ఆ పెట్టె మేష్టారు. సెకనుకి యాభై అరవైసార్లు హాజరు వేస్తాడు. ఒక తీగ మీద "ఎక్కడివాళ్ళక్కడ ఆగండి" అని హుకుం వస్తుంది. ఇంకో తీగ మీద ఒక్కో తట్టు తడితే మూడో తీగ మీద వరసగా జవాబులు వెళ్తాయి. ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. ఎనిమిది పేర్లు, ఎప్పుడూ అదే వరస. మిగిలిన రెండు తీగల్లో ఒకటి కరెంటు, ఒకటి గ్రౌండు. ప్లగ్గుకి తొమ్మిది బెజ్జాలున్నా పనిచేసేవి ఈ ఐదే. చెల్లి రిమోట్‌లో మూడో పేరు, నాలుగో పేరు పిలిచినప్పుడు పలికేవాళ్ళు లేరు.

మామయ్య ముందు ఆ నాలుగో పేరుకే ఒక బటన్ కట్టాడు. ఐసీ కాలికి తీగ వేసి, బటన్ నొక్కితే గ్రౌండుకి కలిసేట్టు. ఇంటికి తెచ్చి పెట్టాం. చెల్లి నొక్కింది. ఏమీ అవలేదు. మళ్ళీ నొక్కింది. ట్యాంకులు తమ దారిన తాము పోతున్నాయి. రెండో రిమోట్‌కి స్టార్ట్ ఉండదని ఆట రాసినవాళ్ళకి ముందే తెలుసు. అది పలికినా మేష్టారు తలెత్తి చూడడు. చెల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు లోపల కాస్త సంతోషం వేసిన మాట దాచను.

మామయ్య మూడు రోజులు ఊరుకున్నాడు. నాలుగో రోజు రెండు రిమోట్లూ పట్టుకురమ్మని కబురంపాడు. ఈసారి నా రిమోట్ విప్పాడు. నా స్టార్ట్ బటన్ గీత దగ్గర ఒక సన్నటి తీగ అతికించి, దాన్ని బయటికి లాగి, రెండు గజాలు వదిలి, చెల్లి రిమోట్‌లోకి తీసుకెళ్ళాడు.

"ఒక్క తీగే పెట్టావేంటి మామయ్యా? బటన్‌కి రెండు కొసలుంటాయి కదా."

"రెండోది గ్రౌండేగా. గ్రౌండు మీ ఇద్దరికీ ఒకటేరా."

చిక్కల్లా బటన్ దగ్గర వచ్చింది. రిమోట్‌లో ఇమిడేంత చిన్న స్విచ్ ఆ వేళ కొట్టులో లేదు. కాలింగ్ బెల్ స్విచ్ ఒకటి ఉంది. నల్లటి బేకలైట్ గుండ్రం, మధ్యలో తెల్లటి మీట. మామయ్య అటూ ఇటూ చూసి, ఐరన్ మొనతోనే రిమోట్ ప్లాస్టిక్‌ని కరిగించి బెజ్జం చేసి, బెల్ స్విచ్‌ని దాని నెత్తిన బిగించాడు. బిగించేటప్పుడు ఐరన్ జారి స్విచ్ అంచు మీద ఒక నొక్కు పడింది, జామపండుని చిలక కొట్టినట్టు. రిమోట్ చూడ్డానికి ముక్కు మీద కణితి లేచిన మనిషిలా తయారైంది. చెల్లి దాన్ని రెండు చేతులా పట్టుకుని గుండెలకి ఆనించుకుంది.

ఆ సాయంత్రం పాలకి పిలుపు వచ్చింది. చెల్లి ఠక్కుమని బెల్ నొక్కింది. ట్యాంకులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నా గుండు ఒకటి గాల్లోనే నిలబడిపోయింది. చెల్లి తాపీగా లేచి, జడ సవరించుకుని, వంటింట్లోకి వెళ్ళి, పాలు దించి, రెండు జంతికలు నోట్లో వేసుకుని మరీ వచ్చింది. నేను నా స్టార్ట్ నొక్కి ఆట నడపొచ్చు. ఆ రోజు మాత్రం ఎందుకో నొక్కలేదు.

నాకూ ఏదో చేసిపెట్టమని మామయ్య వెంటపడ్డాను. నా రిమోట్‌లో బటన్ నొక్కిపెడితే గుళ్ళు వాటంతటవే టపటపా పడే టర్బో ఉండేది. దాన్ని ఇంకా జోరు చెయ్యమన్నాను. ఆయన చిన్న కెపాసిటర్ ఒకటి మార్చి జోరు పెంచాడు. తీరా ఆడితే మునుపటికంటే తక్కువ గుళ్ళు పడ్డాయి. మేష్టారు హాజరు వేసే లోపే కుర్రాడు నాలుగుసార్లు లేచి కూర్చుంటే ఏం లాభం, ఆయన చూసిన క్షణానికి లేచి ఉండాలి గానీ! మళ్ళీ పాతదే పెట్టించుకున్నాను. ఈ సంగతి చెల్లికి చెప్పలేదు.

ఒకదానికొకటి తీగతో కట్టేసిన రిమోట్లతో ఒక ఇబ్బంది ఉండేది. ఎవరం ఎక్కువ దూరం జరిగినా రెండోవాళ్ళ చేతిలోది లాక్కుపోయేది. రెండు గజాల లోపలే కొట్టుకోవాలి, రెండు గజాల లోపలే కలవాలి. శుక్రవారం చిత్రలహరి వేళకి నాన్న టీవీ కోసం వచ్చేవాడు. ఆయనకి ఆ తీగ ఎన్నిసార్లు కాలికి చుట్టుకుందో!

మొన్నామధ్య మా పిన్ని మనవడు పాత నింటెండో రిమోట్ ఒకటి కొని, అందులో పలక తీసేసి 8బిట్‌డో వాళ్ళ బ్లూటూత్ పలక వేశాడు. టంకం అక్కర్లేదు, స్క్రూలు తీసి బిగించడమే. తీగ లేదు. గది ఆ మూల నుంచి కూడా ఆడొచ్చు. బాగుంది, కాదనను. కొత్త రబ్బర్లు, కొత్త డొక్కులు, బటన్ నొక్కితే టక్కుమనే స్విచ్‌లు, కోరిన రంగుల్లో అన్నీ దొరుకుతున్నాయి. పొగ మాత్రం రాలేదు.

మామయ్య కొట్టు మొదట ఎస్టీడీ బూత్ అయింది, తర్వాత సెల్ రీచార్జి కొట్టు అయింది, తర్వాత మామయ్యే లేడు. పెట్టె ఎప్పుడు పోయిందో, క్యాసెట్లు ఎవరికి ఇచ్చేశామో తెలీదు. నేను ఇంటర్మీడియట్‌కి విజయవాడ హాస్టల్‌కి వెళ్ళాక ఇంట్లో దాన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు.

ఆ ఏడే సంక్రాంతికి ఇంటికొచ్చాను. చీకటి పడింది. తలుపు వేసి ఉంది. బెల్ నొక్కబోయి వేలు వెనక్కి తీసుకున్నాను. గోడ మీద పాత స్విచ్ లేదు. నల్లటి బేకలైట్, తెల్లటి మీట, అంచు మీద చిలక కొట్టిన నొక్కు. పాత స్విచ్ పాడైతే నాన్న ఇది విప్పి బిగించాడన్నమాట.

నొక్కాను. లోపల బెల్ మోగింది.

"వెళ్ళి తలుపు తియ్యవే" అని అమ్మ కేక.

"నేను చదువుకుంటున్నానమ్మా, నువ్వే తియ్యి" అంది మా చెల్లి.

కాసేపటికి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు తీసింది.