ఖాళీగా ఉంచిన రోజు

మా మెస్రం వంశస్థులం ఏటా పుష్య మాసంలో నాగోబా అభిషేకానికి గంగాజలం తెస్తాం. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నుంచి బయలుదేరి, జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగులో గోదావరి నీళ్లు ఝరిలో నింపుకొని తిరిగి రావాలి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కాలినడకే. కాళ్లకు చెప్పులుండవు.

ఏటా మా బాపు నడిచేవాడు. ఆ ఏడు మోకాళ్ల నొప్పితో లేవలేకపోయాడు. "మన ఇంటి నుంచి ఒక మనిషి ఉండాలె" అని నన్ను పంపాడు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఫోన్‌లో దూరం చూసుకొని, రోజుకు 30 కిలోమీటర్లు నడవగలనని లెక్క వేశాను. పెద్దలు వేసిన మజిలీలు కొన్ని అందులో సగమే. ఇన్ని రోజులెందుకు అనుకున్నాను.

మొదటి రోజు అందరికన్నా ముందు నడిచాను. ఎండపూట కూడా ఆగలేదు. మధ్యాహ్నం రెండింటికే ఆ రాత్రి ఆగవలసిన ఊరు చేరాను. ఊళ్లో ఎవరూ లేరు, అంతా పత్తి చేన్లలో ఉన్నారు. చింతచెట్టు కింద ఒక్కడినే కూర్చున్నాను. పొద్దుగూకే వేళకు పెద్దలు ఝరితో వచ్చారు. అప్పుడు పటేల్, ఊరి ఆడవాళ్లు ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చారు. జొన్నరొట్టెలు, పప్పు పెట్టారు.

మా పెద్దబాపు నవ్వి, "ఊరోళ్లు చేన్ల నుంచి వచ్చే యాళ్లకు మనం రావాలె. ముందుగాల వస్తే నీకు బువ్వ ఎవరు పెడతరు?" అన్నాడు.

పెద్దలు మజిలీని ఊళ్లతో కొలుస్తారని అప్పుడు తెలిసింది. బయలుదేరక ముందే కేస్లాపూర్‌లో కూర్చొని, పుష్య అమావాస్య మహాపూజ నుంచి రోజులు వెనక్కి లెక్కపెడతారు. ఏ ఊళ్లో మనవాళ్లున్నారు, ఇంతమందికి నీళ్లు సరిపోతాయా, చలికి పడుకునే చోటుందా అని చూసి కబురు పంపుతారు. పొద్దున్నే చలిలో నడక. తారు రోడ్డు వేడెక్కితే చెట్టునీడ. ఎండ వాలాక మళ్లీ నడక.

మూడో రోజుకు నా అరికాళ్లు బొబ్బలెక్కాయి. చేనులో అడ్డంగా పోతుంటే కంది మోడు గుచ్చుకుంది. రోడ్డు మీద ఒక ఆటో ఆగింది. ఎక్కుదామనిపించింది. బాపు గుర్తొచ్చి ఎక్కలేదు, కాని అడుగు పడటం లేదు. పెద్దబాపు నా కాలు చూసి, ఆ పూటకు దగ్గరి గూడెంలోనే ఆగుదామన్నాడు. నా వల్లే అందరూ ఆగిపోయారని ఏడుపొచ్చింది.

"అమావాస్యకు ముందు ఒక రోజు ఖాళీగ ఉంచినం రా. ఏటా ఎవడో ఒకడు నీ లెక్క ఉంటడు. మీ బాపు కూడా మొదటిసారి గట్లనే కుంటిండు" అని, వేడినీళ్లతో కాలు కడిగి ఇప్పనూనె రాశాడు.

తెల్లారి నన్నూ, వయసు మళ్లిన ఒక తాతనూ ముందు నడిపించారు. మా అడుగును బట్టే అందరూ నడిచారు.

తిరుగు దారిలో ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్ మర్రిచెట్ల కిందికి చేరాం. బయలుదేరిన వాళ్లలో ఒక్కరూ తగ్గలేదు. జాతరకు బాపు ఎడ్లబండిలో వచ్చాడు. ఏమీ అడగకుండా ముందు నా అరికాళ్లు చూశాడు.

ఇప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. పదో తరగతి పాఠాల పట్టిక వేసేటప్పుడు పరీక్ష రోజు నుంచి వెనక్కి లెక్కపెడతాను. వారానికి ఒక పూట ఖాళీగా ఉంచుతాను. అది ఎవరి కోసం సార్ అని పిల్లలు అడుగుతారు. కాలి మీది కంది మోడు మచ్చ చూపిస్తాను.