కర్రిగాడు

మా ఇంట్లో కుక్కపిల్ల చేరింది. వానకి తడిసి వీధి చివర కల్వర్టు కింద ఏడుస్తుంటే మా అమ్మాయి చున్నీలో చుట్టి తెచ్చింది. నల్లటిది. అందుకని కర్రిగాడు. పశువుల డాక్టరు నోరు తెరిచి పళ్ళు చూసి రెండు నెలలుంటాయన్నాడు. పురుగుల మందు పోసి, మూడో నెల నిండగానే రేబిస్ సూది వేయించమన్నాడు.

అప్పట్నించీ మా ఇల్లు ఇల్లులా లేదు. పగలంతా నిద్ర. లేచాడంటే చీపురు పుల్లలు గదినిండా. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఊగుతాడు. అర్ధరాత్రి ఎవరి పెళ్ళో అన్నట్టు ఇల్లంతా ఊరేగుతాడు. ఒంటికి పొయ్యటానికి వాడికి నా పుస్తకాల అర తప్ప ఇంకో చోటు దొరకదు. అంబేద్కర్ రచనల సంపుటం ఒకటి అట్ట పోయింది. మా ఆవిడ తిట్టి తిట్టి, అలిసిపోయి, వాణ్ణే ఒళ్ళో పడుకోబెట్టుకుంటది. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చిందాకా, అంటే ఆరేడు నెలల వయసు దాకా, ఈ కొరుకుడు తప్పదని డాక్టరు ముందే చెప్పాడు. పాతగుడ్డ ముడేసి ఇచ్చాం. దాని మొహం చూళ్ళేదు. రబ్బరు చెప్పులు వాసన చూసి వదిలేస్తాడు. వాడికి తోలు కావాలి.

తోలంటే కుక్కలకి ఎంత ఆశో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మా మాదిగపల్లెలో మా అయ్య పనికి కూచుంటే నాలుగు కుక్కలు చుట్టూ కూచునేవి. తోలు సున్నంలో నానేసి, వెంట్రుకలు ఊడదీసి, లందలో తంగేడుచెక్క నీళ్ళతో పదును పెట్టేవాడు. రంపెతో కోసి ఆరెతో కుట్టేవాడు. మోటలున్న రోజుల్లో తొండాలు, ఆ తర్వాత చెర్నాకోలలు, కిర్రుచెప్పులు. కోసిపారేసిన ముక్కల కోసం కుక్కలు కొట్టుకునేవి. ఆసామి గారి కుక్క కూడా వచ్చేది. దాని పేరు రాజా. ముక్క నోట కరుచుకుని తిన్నగా వాళ్ళ వంటింటి దాకా పోయేది. చెప్పులు కుట్టి తీసుకెళ్ళిన మా అయ్య మాత్రం గడప బయటే నిలబడేవాడు. కుక్కని 'రాజా' అని పిలిచిన నోటితోనే మా అయ్యని 'ఒరే' అనేవాళ్ళు. 1927లో మహద్ చెరువు నీళ్ళ కోసం అంబేద్కర్ చేసిన పోరాటం గురించి తర్వాతెప్పుడో చదివాను. పశువులు తాగే నీళ్ళని మా మనుషులు ముట్టుకోకూడదంట. అది చదువుతుంటే నాకు రాజానే కళ్ళముందు తిరిగింది.

మూడేళ్ళ కింద ఒంగోల్లో ఈ ఇల్లు అద్దెకి అడగటానికి వచ్చినప్పుడు ఇంటావిడ "మీరేమిట్లు?" అంది. "టీచర్లమండీ" అన్నాను. నవ్వి ఊరుకుంది. మా మాట తీరు చూసి ఏదో ఒకటి అనుకునుంటది. 1994లో ఈదుమూడిలో దండోరా పుట్టాక పేరు చివర మాదిగ అని రాసుకున్నోణ్ణి, గోడల మీద రాసినోణ్ణి నేను. నిజం చెప్పిన పాపానికి అంతకు ముందు రెండిళ్ళు చేజారినయ్. అది నా సంజాయిషీ. అది సంజాయిషీయేనని నాకూ తెలుసు.

కర్రిగాణ్ణి తెచ్చిన రోజు ఆమె "ఏం జాతి?" అని అడిగింది. "నాటుదేనండీ" అన్నాను. కుక్క జాతి చెప్పటానికి నా గొంతు ఎక్కడా పట్టుకోలేదు.

సూది వేయించిన వారానికి, ఆదివారం పూట, ఆమె గోంగూర పచ్చడి గిన్నె పట్టుకుని వచ్చింది. వరండాలో కూచుని మాట్లాడుతోంది. లోపల మంచం కింద రేకుపెట్టె మూత ఎవరు తీశారో ఏమో. కర్రిగాడు గుర్రుగుర్రుమంటూ వెనక్కి వెనక్కి నడుస్తా ఒక మూట ఈడ్చుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడేశాడు. మూట విడిపోయింది. మా అయ్య చివరిసారి కుట్టిన కిర్రుచెప్పుల జత, ఆరె, రంపె. వాడు ఘనకార్యం చేసినట్టు తోకాడిస్తన్నాడు.

"భలే ఉన్నయ్యే! ఎక్కడ కొన్నారు?" అంది. లేపాక్షి షాపులో అనబోయాను. అబద్ధం నాలిక మీద సిద్ధంగా ఉంది.

"కొన్నవి కాదాంటీ. మా తాత కుట్టాడు" అంది మా అమ్మాయి.

"అలాగా" అంది ఇంటావిడ.

సాయంత్రం గిన్నె తోమి ఇవ్వబోతే బయట పంపు దగ్గర పెట్టమంది. రెండ్రోజులు అక్కడే ఉంది. తర్వాత పనమ్మాయి తీసుకుపోయిందంట. మళ్ళీ గిన్నెలు ఇటు రాలేదు. ఇల్లు ఖాళీ చెయ్యమనైతే అనలేదు. వేసవిలో ఇంటికి రంగులేయించాలంటోంది.

"నేను తప్పు చెప్పానా నాన్నా?" అని అడిగింది అమ్మాయి ఆ రాత్రి. లేదమ్మా అనటానికి నాకు కాస్త టైం పట్టింది. ఆ టైం కూడా ఆ పిల్ల చూసింది.

కర్రిగాడికి ఇవేం పట్టలేదు. పొద్దున్నే గేటు సందులోంచి దూరి ఆమె వంటింట్లోకి పోతాడు. "రా నాన్నా, రా" అంటా పాలు పోస్తది. మూతికి మీగడతో వచ్చి నా ఒళ్ళో ఎక్కుతాడు.

చెప్పు పట్టీ ఒకచోట వాడి పళ్ళకి తెగింది. మొన్న ఆదివారం వరండాలోనే కూచుని మా అయ్య ఆరెతో కుట్టాను. చిన్నప్పుడు చూడటమే గానీ చేసింది లేదు, రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. అమ్మాయి పట్టీ పట్టుకుని కూచుంది. కుట్టు వంకరగా వచ్చింది. ఇప్పుడా జత పెట్టెలో లేదు. వీధిగుమ్మం పక్కన గోడకి మేకు కొట్టి తగిలించాం, కర్రిగాడికి అందనంత ఎత్తులో.