దేముడి చేపలు

1994 శివరాత్రి నాటి మాట. హుకుంపేటకు లోపలగా ఉన్న ఒక కొండ ఊళ్లో నేను పంతులుగా చేరి అప్పటికి ఎనిమిది నెలలు. చోడవరం, వడ్డాది, మాడుగుల దాటి ఘాట్ ఎక్కే బస్సే మైదానానికీ మాకూ ఉన్న దారి.

నేను అద్దెకున్న ఇంటి పెద్దాయనకు ఎకరం కాఫీ తోట ఉండేది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. కాఫీ పండ్ల కోత సంక్రాంతి నాటికే అయిపోయింది. వాకిట్లో చాప మీద మిరియాలు నల్లబడుతున్నాయి. ముందు వారం సంతలో ఆయన మిరియాలు తూచిన షావుకారు తక్కెడ పళ్లేన్ని బొటనవేలితో నొక్కడం నా కళ్లారా చూశాను. ఆయనా చూశాడు. వానాకాలంలో తెచ్చుకున్న బియ్యం అప్పు ఉంది కాబట్టి నోరెత్తలేదు. ఆ వారమంతా ఆ ఇంట్లో చోడి అంబలి, ఉప్పు, పచ్చిమిరపకాయ. అంతే.

శివరాత్రి తెల్లవారుజామున నన్ను లేపి మత్స్యగుండం తీసుకెళ్లాడు. పొగమంచులో గట్ల మీద నడక. ముందు దూరంగా డప్పులు వినపడ్డాయి, తర్వాత మత్స్యగెడ్డ హోరు. బండరాళ్ల మధ్య నీళ్లు ఒక మడుగులా నిలిచిన చోటది. ఒడ్డున మత్స్యలింగేశ్వరుడి గుడి. ఆడవాళ్లు తడిబట్టలతోనే వచ్చి నీళ్లలోకి మురీలు, అంటే మరమరాలు, చల్లుతున్నారు. చల్లడం ఆలస్యం, మడుగంతా కదిలింది. మూరెడేసి చేపలు, వందల కొద్దీ, ఒకదాని మీదుగా ఒకటి దొర్లుకుంటూ కాళ్ల దాకా వచ్చాయి. ఒకటి పెద్దాయన పిక్కను రాసుకుని పోయింది. ఆయన కదల్లేదు.

“ఎవుళూ పట్టరా తాతా?” అన్నాను.

“దేముడి చేపలు మేస్టారూ. ఆకలేస్తే అడివి ఉంది. ఈటిని ముట్టం.”

వారం రోజులుగా అంబలి తాగి బతికిన మనిషి అన్న మాట అది. నాకు సంతలో తక్కెడ మీది ఆ బొటనవేలు గుర్తొచ్చింది. ఒడ్డున కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను.

బస్సు దిగకుండానే దాటిపోయే ఆ వడ్డాదిని ఒకప్పుడు మత్స్య వంశపు రాజులు ఏలారని తర్వాత తెలిసింది. దిబ్బిడలో దొరికిన 1269 నాటి తామ్రశాసనం ఆ వంశం పుట్టుకను చేపతోనే ముడిపెడుతుంది. ఏడువందల ఏళ్ల పైబడిన రాగిరేకుల్లో ఉన్న మాట, అక్షరం రాని మా తాత నడవడిలో ఉంది.

మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతరకూ వెళ్లాను. అక్కడి జనసముద్రం వేరు, ఆ సందడి వేరు. నా మనసు మాత్రం ఈ గెడ్డ దగ్గరే ఉండిపోయింది.

మొన్నీమధ్య మళ్లీ వెళ్లాను. చేపలు ఉన్నాయి. బండరాళ్ల సందుల్లో మురీల ప్లాస్టిక్ కవర్లూ ఉన్నాయి. మత్స్యగెడ్డ నీళ్లే మాచ్‌ఖండ్‌లో కరెంటు పుట్టిస్తాయి, సీలేరై, శబరిలో పడి గోదావరి చేరతాయి. మీరు వెళ్తే మురీలు కాగితం పొట్లంలో తీసుకెళ్లండి. ఆ పొట్లం కూడా వెనక్కి తెచ్చుకోండి.