నిఘా కొలువులో మా యాస

2025 జూలైలో కేంద్ర హోంశాఖ ఒక ప్రకటన వెలువరించింది. ఇంటెలిజెన్స్ బ్యూరోలో 4,987 సెక్యూరిటీ అసిస్టెంట్ ఉద్యోగాలు, పదో తరగతి చదివినవారు అర్హులు. అందులో నన్ను ఆపింది జీతం లెక్క కాదు, ఒక నిబంధన. అభ్యర్థికి తాను కోరుకున్న ప్రాంతపు భాష గాని, మాండలికం గాని వచ్చి ఉండాలి. ఆ భాషనుండి ఆంగ్లంలోకి, ఆంగ్లంనుండి ఆ భాషలోకి అనువదించి చూపాలి. అదే ఏడాది అదే సంస్థ పట్టభద్రులకోసం 3,717 అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ ఉద్యోగాలు కూడా ప్రకటించింది. అక్కడ వ్యాసం ఆంగ్లంలో వ్రాయాలి. ప్రాంతీయ భాష ఊసే లేదు.

అంటే జనం మాట వినేవాడు కింది మెట్టు మీద నిలబడతాడు. విన్నదాన్ని తూచి చూసే పైవాడికి ఆ జనం భాష రానక్కరలేదు! నిఘా సంస్థల ఆధునికీకరణ అనగానే మనకు ఉపగ్రహాలు, కంప్యూటర్లు గుర్తుకొస్తాయి. నా మటుకు నాకు ఆ రెండు మెట్ల నడుమనున్న ఖాళీయే అసలు సంగతిగా తోస్తుంది.

ఆ ఖాళీ నిన్నమొన్నటిది కాదు. థగ్గులను, బందిపోట్లను అణచడానికి పెట్టిన శాఖ నీడన 1887లో పుట్టిన సెంట్రల్ స్పెషల్ బ్రాంచి ఈ సంస్థకు మూలం. ఏలేవాడిది ఒక భాష, వేగు తెచ్చేవాడిది మరొక భాష. స్వాతంత్ర్యం వచ్చాక జెండా మారింది గాని ఆ మెట్ల వరుస అలాగే నిలిచింది. ఈ సంస్థకు పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం కూడా లేదు. 2011లో మనీశ్ తివారీ లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాకుండానే పోయింది.

కార్గిల్ యుద్ధం తరువాత కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన వేసిన సంఘం 1999 డిసెంబరులో నివేదిక పూర్తి చేసింది. అందులో ఒక సంగతి చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. సరిహద్దుకు ఆవల కదలికలు పెరిగాయని ఇంటెలిజెన్స్ బ్యూరో 1998 జూన్‌లోనే వ్రాసింది. ప్రధానికి, హోంమంత్రికి పంపింది. కాని విదేశీ నిఘా చూసే 'రా' అధిపతికి, సైనిక నిఘా అధిపతికి, అన్ని కబుర్లను కలిపి చూడవలసిన సంయుక్త నిఘా సంఘం అధ్యక్షునికి పంపలేదు. ఇది యంత్రం లేకపోవడం వల్ల వచ్చిన లోపం కాదు గదా! పక్క గదివాడికి చెప్పని అలవాటు. దాని తరువాత కబుర్లు పంచుకోవడానికి 2001లో మల్టీ ఏజెన్సీ సెంటర్ పెట్టారు, 2004లో సాంకేతిక నిఘాకు ఎన్.టి.ఆర్.ఓ. వచ్చింది. గదులు పెరిగాయి. మనుషులో? 2013లో పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం బ్యూరోకు మంజూరైన 26,867 ఉద్యోగాలలో ఎనిమిది వేలకు పైగా ఖాళీలే.

డబ్బుకు, యంత్రాలకు కొదవలేని అమెరికా గతీ చూడండి. 2001 సెప్టెంబరు 10న వారి యంత్రాలు పట్టిన అరబీ సంభాషణలలో రేపటి ముహూర్తం గురించిన మాట ఉంది. అది అనువాదమైనది 12వ తేదీన.

ఇక మా ఊరికి వస్తాను. మాది సంతబొమ్మాళి మండలం. తెల్లవారకముందే టెక్కలి రోడ్డు మీద పరుగులు తీసే కుర్రాళ్ళు ఇక్కడ ఎప్పుడూ ఉంటారు, సైన్యానికో పోలీసుకో. మా అక్క కొడుకు ఈ నిఘా ఉద్యోగానికి చదువుతూ, అనువాదం దిద్దిపెట్టమని నా దగ్గరకు వచ్చాడు. పత్రికా సంపాదకీయాలను చక్కగానే ఆంగ్లంలో పెడుతున్నాడు. సరేనని నేనొక ముక్క ఇచ్చాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరిని, జీడితోటలను నేలకూల్చిన తరువాత, సాయం అందిందా అని ఎవరో అడిగితే మా వీధి ముసలమ్మ అన్న మాట: "అందినాదిలే బాబూ, సూద్దుం."

వాడు వ్రాసింది: సాయం అందింది, చూద్దాం. వ్యాకరణం ప్రకారం తప్పు పట్టలేం. కాని ఆమె చెప్పింది అది కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ 'లే'లో అందలేదన్న మాట ఉంది, నీతో చెప్పి ప్రయోజనం లేదన్న మాటా ఉంది. "పరీక్షలో అలా వ్రాస్తే మార్కులు వేస్తారా మావా?" అన్నాడు. వెయ్యరనే అన్నాను.

మా అక్క బెంగ వేరు. "ఆడు పోలీసయితే సెప్పుకుంటాం గానీ తమ్ముడూ, ఇది ఏటి ఉద్యోగమని ఊరోళ్ళకి సెప్పుకోవాల?" అంది. ఉద్దానంలో ఈ ప్రశ్న తేలిక కాదు. బొడ్డపాడుకు చెందిన పంచాది కృష్ణమూర్తిని 1969 మే 27న ఎన్‌కౌంటరులో చంపిన నేల ఇది. 'ఇన్ఫార్మరు' అన్న పేరు పడితే మనిషి బ్రతుకు ఏమవుతుందో మా పెద్దలు గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఊరి మాట వినడం ఊరికి ద్రోహం కాదని ఈ సంస్థలు ఏనాడైనా ఊరికి చూపించాయా? వినేవాడి మీద గౌరవం ఉండాలంటే, విన్నది ఒక్కసారైనా ఊరికి మేలు చెయ్యాలి గదా.

మా మండలంలోనే కాకరాపల్లి ఉంది. తంపర భూములలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం దీక్షలు చేశారు. 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. ఆ జనం మనసులో ఏముందో తెలుసుకోవడానికి వేగులవాడు అక్కరలేదు. అది రహస్యం కాదు, శిబిరంలో కూర్చుని పగటివేళ చెప్పిన మాట. దాన్ని సమాచారంగా గాక గొడవగా చూసే అలవాటును ఏ ఉపగ్రహం మాన్పిస్తుంది?

అందుకే అధికారుల పరీక్షలోనూ ప్రాంతీయ భాషకు ఒక పత్రం పెట్టాలంటాను. పైవాడికి రుచించని నివేదిక వ్రాసిన కింది ఉద్యోగి దానివల్ల నష్టపోకుండా చూసే ఏర్పాటు కూడా కావాలి. చట్టం సరేసరి. వీటిలో దేనికీ రాకెట్టంత ఖర్చు లేదు. (ఖర్చు లేని పనులే మన దేశంలో ఆలస్యం కావడం వేరే కథ.)

2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన మూలపేట రేవు కూడా మా మండలంలోనిదే. రేవు నడిచిననాడు దేశదేశాల ఓడలు వస్తాయి, వాటిని కనిపెట్టి చూసేవారూ వస్తారు. అపరిచితమైన పడవ కనిపించిందా అని భావనపాడు జాలరిని అడుగుతారు. ఆయన పడవ తాడు ముడి వేస్తూ, తలెత్తకుండానే, "ఏటో బాబూ, సూద్దుం" అంటాడు.