సాగనంపుట

మా పల్నాటిలో సాగరమన్నచో నాగార్జునసాగరమే. 1967లో కాలువకు నీరు వదలిననాటి నుండి మా పొలములకు అదియే జీవము. నిజమైన కడలిని చూడవలెనన్నచో బాపట్ల చెంతనున్న సూర్యలంకకు పోవలయును.

మావారు ఉపాధ్యాయులు. కొన్ని సంవత్సరముల క్రిందట బడిపిల్లలను అచ్చటికి తీసికొనిపోయిరి. వారిలో మా మేనత్తగారి కుమారుడును ఉండెను. అతడు మా కడగొట్టు చెల్లెలికి బావ. ఊహ తెలిసినది మొదలు ఇరువురి మనస్సులును ఒకటే. నాడు తక్కినవారందఱును అలలలో ఆడుకొనుచుండగా, అతడు మాత్రము నీరును నింగియు కలిసిన చోటునే చూచుచు నిలిచిపోయెనట.

నిరుడు బి.యస్సీ. ముగిసినపిమ్మట అతనికి నౌకావిద్యలో ప్రవేశము లభించెను. ఆ సంగతి మా చెల్లెలికి చెప్పలేక నెలదినములు దాచెను. పెండ్లి మాట వచ్చినప్పుడెల్ల లేచిపోవుచుండెను. తుదకు విషయము బయటపడగా మేనత్తగారు, “అల్లుడుగారు సముద్రము చూపకున్నచో నా బిడ్డ నా కన్నులయెదుటనే యుండెడివాడు” అని కంటతడి పెట్టిరి. మావారు బదులు పలుకలేదు.

మేము పెద్దఱికము వహించి చెల్లెలికి మాంచాల కథ చెప్పితిమి. శ్రీనాథుని ‘పల్నాటి వీరచరిత్రము’ మాకు చిన్ననాట తండ్రిగారు ఇంటనే చదివించినదే. “12వ శతాబ్దమున బాలచంద్రుని కారెంపూడి రణమునకు సాగనంపిన యిల్లాలు మన సీమదే. నీవును ధైర్యము వహింపుము” అంటిమి.

అది కొంతతడవు మిన్నకుండి, “అక్కా! మాంచాల పంపినదని అందఱును పొగడుదురు. ఆమెకేమి కావలెనని యడిగినవారెవ్వరు? బావ పోవుట కాదు నా దుఃఖము; నాకు చెప్పకుండుట” అనెను. మా పాండిత్యము అచ్చటనే ఆగిపోయెను.

ఆ సాయంకాలమే అతనిని పిలిపించి, మా యెదుటనే, “బావా! నేను వలదన్నచో నీవు ఆగుదువు. ఆగి, దినదినమును ఆ నీటినే తలచుచుందువు. పొమ్ము. కాని ఇకమీదట నీ మనసులోని మాట మొదట నాకు చెప్పుము. నేనును ఊరక ఎదురుచూచుచు కూర్చుండను, బి.యెడ్. చదివెదను” అనెను.

అతడు తలవంచుకొని, “నీవు వలదందువని కాదు నా భయము, పొమ్మందువనియే” అనెను.

ఇప్పుడతడు ఓడపై నున్నాడు. ఒక్కొక్కప్పుడు దినముల తరబడి ఫోను పలుకదు. గడచిన కార్తికమాసపు టమావాస్యనాడు కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు మొదలైనప్పుడు మేనత్తగారు నాగులేటి యొడ్డున మా చెల్లెలి చేయి విడువక నడచిరి. మావారు ఈ యేడును పిల్లలను సూర్యలంకకు తీసికొనిపోయిరి.

ప్రియుని ఆపుటయు ప్రేమయే, పంపుటయు ప్రేమయే కావచ్చును. కాని ఆమెను అడుగక ఆమెచే చేయించిన త్యాగమును త్యాగమని పొగడుట మాత్రము మేము మానితిమి. మా పిల్లలకు మాంచాల కథ చెప్పునపుడు, ఆమె మనస్సులో నేమున్నదో ఊహింపుడని ముందుగా అడుగుచున్నాము.