పూడిక

కాలువ త్రవ్వించిన నాటితో తన పని తీరినదని డెల్టా రైతెవ్వడును తలంపడు. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో పూడిక తీయవలెను. వర్షాకాలమున గండి పడకుండ గట్టు కాచుకొనవలెను. ఇంత తెలిసిన మనమే, శస్త్రచికిత్స జరిగినంతనే వ్యాధి కథ ముగిసినదని నమ్మి, ఇంటికి వచ్చి మ్రొక్కులు చెల్లించి నిశ్చింతగా నుందుము. కొన్ని వ్యాధుల విషయమున ఈ నిశ్చింతయే ప్రమాదము. పిల్లల మెదడులో నీరు చేరు వ్యాధి అట్టివానిలో నొకటి.

దీనిని ఆంగ్లవైద్యులు హైడ్రోకెఫలస్ అందురు. నీరు, తల అను రెండు గ్రీకు మాటల కూడిక యది. పేరు విని బయటి నీరేదో లోనికి చొచ్చినదనుకొనరాదు. మెదడులోని గదులలో నిర్మలమైన ద్రవ మొకటి ఎల్లప్పుడును ఊరుచుండును. పెద్దవారిలో దినమునకు సుమారు 500 మిల్లీలీటర్లు ఊరును. ఏ సమయమున జూచినను ఉండునది 150 మిల్లీలీటర్లు మాత్రమే. అనగా ఊరినది ఊరినట్లు రక్తములో కలిసిపోవుచుండవలెను. పుట్టుకతో వచ్చిన లోపము వలనను, నెలలు నిండక పుట్టిన శిశువు మెదడులో రక్తము చిమ్ముట వలనను, మెదడుపొరల వాపు వలనను, కంతుల వలనను ఆ త్రోవ మూసికొనవచ్చును. గ్రహణమునకును దీనికిని సంబంధము లేదు. గర్భిణి గ్రహణము చూచినదని కోడలిని నిందించు ఇండ్లు నేటికిని కలవు గనుక ఈ మాట వ్రాయవలసి వచ్చినది.

చికిత్సగా వైద్యులు సన్నని గొట్టమొకటి మెదడు గదినుండి చెవివెనుకగా, మెడ రొమ్ముల చర్మము క్రిందుగా కడుపులోనికి దించుదురు. ద్రవము ఒకే వైపునకు, తగిన ఒత్తిడి వచ్చినప్పుడే పారునట్లు నడుమ నొక వాల్వు ఉండును. దీని పేరు షంటు. రైలుపెట్టెలను ఒక పట్టానుండి మరియొక పట్టాకు మరల్చుటను షంటింగని మన పిల్లలు సైతము అందురు, మాట అదియే.

ఈ సాధనపు చరిత్రలో ఇద్దరు తండ్రులు కానవత్తురు. 1955లో అమెరికాలో జాన్ హోల్టర్ అను యంత్రపనివాని కుమారుడు ఈ వ్యాధితో బాధపడగా, అతడు స్పిట్జ్ అను శస్త్రవైద్యునితో కలిసి, 1956 నాటికి సిలికోను వాల్వు నొకదానిని సిద్ధపరచెను. 1960 డిసెంబరులో న్యూయార్కు వీధిలో టాక్సీ తగిలి, కథారచయిత రోల్డ్ డాల్ పసికుమారునికి తలకు గాయమై నీరు చేరెను. అమర్చిన గొట్టము మాటిమాటికి పూడుకొనిపోయెను. డాల్ బొమ్మవిమానముల యంత్రములు చేయు స్టాన్లీ వేడ్‌ను, శస్త్రవైద్యుడు కెన్నెత్ టిల్‌ను కలిపి, 1962లో క్రొత్త వాల్వు చేయించెను. అది సిద్ధమగు నాటికి అతని కుమారునికి దాని యవసరము తీరినది. ఇతరుల బిడ్డలకు ఉపకరించినది.

నేటి షంటులు మేలైనవి. అయినను పూడిక తప్పలేదు. పిల్లలకు అమర్చినవానిలో పదింట మూడు నాలుగు మొదటి సంవత్సరములోనే చెడునని వైద్యుల అనుభవము. ముఖ్యకారణము మూసికొనుట. రెండవది సూక్ష్మజీవులు చేరుట. ఇది తరచుగా శస్త్రచికిత్స జరిగిన మొదటి నెలలలో కలుగును. అప్పుడు జ్వరము వచ్చును. గొట్టము పొడవున చర్మము ఎఱ్ఱబారవచ్చును. సాధారణముగా గొట్టము తీసివేసి, మందులిచ్చి, మరల క్రొత్తది పెట్టవలెను. మూడవది ద్రవము మితిమీరి పారుట. దాని వలన లేచి నిలిచిన తలనొప్పి, పడుకొన్న ఉపశమనము. ఒక్కొక్కప్పుడు మెదడుపై రక్తము చేరును. బిడ్డ పొడవెదిగినకొలది గొట్టము చాలకపోవుటయు, ఊడిపోవుటయు కలదు. కొందరికి గొట్టము లేకుండ మెదడులోనే దారి తెరచు శస్త్రచికిత్స కలదు గాని, ఆ దారియు మూసికొనవచ్చును.

నేనీ సంగతులు చదువుటకు కారణము మా బడిలోని ఎనిమిదవ తరగతి బాలుడు. శబ్దములు వల్లించుటలో అందరికంటె ముందుండువాడు 2022 జూలైలో తరగతిలో కునుకుపాట్లు పడసాగెను. వ్రాత వంకరలు పోయెను. ఆ సంగతి తల్లికి కబురు చేసితిని. ఆమె అప్పటికే గమనించినది: ఉదయమున తలనొప్పి, వాంతి, అకారణపు కోపము. వానికి మూడవ యేట ఒకసారి షంటు మార్చియుండిరి. నాటి లక్షణములు ఆమె మరువలేదు. నాయనమ్మ దిష్టి తీసినది. దగ్గర పట్టణములోని వైద్యుడు మెదడు స్కానింగు తీయించి, పోయిన యేటి బొమ్మతో పోల్చి, తేడా లేదు, కంటిచూపు పరీక్ష చేయించుడని చెప్పెను. భర్త యింటికి పోదమనెను. ఆమె మాత్రము కదలలేదు. “డాక్టరుగారూ, బొమ్మ సంగతి నాకు తెలియదు. వీడు మా పిల్లాడిలా లేడండి. ఆ గొట్టమే పూడుకుపోయింది” అన్నదట.

ఆ రాత్రియే బిడ్డను నగరమునకు తీసికొనిపోయినది. అచటి శస్త్రవైద్యుడు బొమ్మలు చూచుటకు ముందే “ఏం మారిందమ్మా?” అని అడిగెను. మరునాడు తెరచి చూడగా గొట్టము పైకొన మూసికొనియుండెను. మూడు వారములకు బాలుడు బడికి వచ్చెను.

షంటు మూసికొన్నను మెదడు గదులు ఉబ్బినట్లు బొమ్మలో కనబడని పిల్లలు కొందరు నిజముగా కలరు. తల్లి మాటకు చెవి యొగ్గుమని వైద్యగ్రంథములే చెప్పుచున్నవి. డాల్ పేరుపొందిన రచయిత గనుక అతని మాట నలుగురు వినిరి. హోల్టరు చేత పనిముట్లుండెను. మన యింటి కోడలికి ఉన్నది రాత్రింబగళ్లు బిడ్డను చూచిన చూపు మాత్రమే. అది సాధనము కాదా? చదువు లేనిదను నెపమున ఆ చూపును మనము త్రోసిపుచ్చితిమేని, పూడినది గొట్టమొక్కటియే కాదు.

చదువరులు తమ బంధువులలో ఇట్టి బిడ్డ యున్నచో ఈ రెండు చేయుదురు గాక: వైద్యుల కాగితములు, పూర్వపు స్కానింగు బొమ్మలు ఒకచోట భద్రపరచి ప్రయాణములలో వెంట నుంచుకొనుట, శిశువు నడినెత్తిమీది మెత్తనిచోటు ఉబ్బినను, పెద్దబిడ్డకు తలనొప్పి, వాంతి, మత్తు కలిసి వచ్చినను, తెల్లవారనిమ్మని జాగు చేయక శస్త్రవైద్యుని యొద్దకు తీసికొనిపోవుట. ఆ సమయమున తల్లి “వెళ్లుదము” అన్నచో, ఇంటిలోని పెద్దలు కారణ మడుగుట తరువాత, బండి పిలుచుట ముందు.